పొలిమేర దాటిన నంబరు

మా ఊరు ఊటబావిలో సిగ్నల్ ఉండదు. ఫోను మాట్లాడాలంటే వాటర్ ట్యాంకు మెట్లు పద్నాలుగు ఎక్కాలి. పదమూడో మెట్టు మీద అవతలివాళ్ల మాట మనకు వినపడుతుంది, మన మాట వాళ్లకు వినపడదు. అలాంటి ఊరు, కరోనా ఫైవ్‌జీ టవర్ల వల్ల వచ్చిందని రెండువేల ఇరవైలోనే తేల్చేసింది. టవరే లేదు కాబట్టి మాకు రాదని ధైర్యంగా ఉన్నాం. ఆ ఏడు నిజంగానే రాలేదు. ఇరవై ఒకటి మే నెలలో వచ్చింది. టవరు ఉందా లేదా అని ఎవర్నీ అడగలేదు.

వచ్చాక ఊరు రకరకాలుగా ఆలోచించింది. చికెన్ తినొద్దన్నారు, వారం తిరక్కుండా చికెనే తినాలన్నారు. ఇప్పసారా తాగితే పురుగు గొంతులోనే చస్తుందన్నారు. ఈ మందు కనిపెట్టినవాళ్లు పొద్దున్నే మొదలుపెట్టి, సాయంత్రానికి ఏ రోగానికి తాగుతున్నారో కూడా మర్చిపోయేవాళ్లు. మా ఆయన స్తెఫను జపమాలకు రోజూ శానిటైజర్ రాసి పూసల రంగంతా పోగొట్టాడు. ఎవర్ని ఏమనగలం?

నా పేరు సవరమ్మ. పద్నాలుగేళ్లుగా ఈ ఊరికి ఆశా కార్యకర్తను. ములకలపల్లి అడవి అంచున రెండు వందల గడప. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి నెలలు నిండినా నన్నే పిలుస్తారు, నన్నే తిడతారు.

ఆ నెల మొదట్లో మా పీహెచ్‌సీ డాక్టర్ సాహిత్య గారు నా చేతిలో ఒక ఆక్సీమీటరు పెట్టారు. బట్టలారేసే క్లిప్పు అంత ఉంటుంది. వేలికి తగిలిస్తే రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో నంబరు చూపిస్తుంది. తొంభై నాలుగు, ఆ పైన ఉంటే ఇంట్లోనే ఉండొచ్చు. తొంభై కంటే కిందికి దిగితే 108ని పిలవాలి. నాలుగు ఊళ్లకు అదొక్కటే. "పోగొడితే నీ ప్రాణం తీస్తాను సవరమ్మా" అన్నారు, ప్రాణాలు నిలబెట్టే మనిషి. పోకుండా దాని వీపు మీద ఎర్రటి గోళ్ల రంగు చుక్క పెట్టుకున్నాను.

ఊరు దానికి వేలి మిషను అని పేరు పెట్టింది. మొదట మా పక్కింటి శారద వాళ్ల మామకు పెట్టాను, ఎనభై ఎనిమిది. 108 వచ్చి తీసుకెళ్లింది. రెండో ఇంట్లో పెట్టాను, ఎనభై ఐదు. మళ్లీ 108. మూడో ఇంటి ముసలాయన వెళ్లినవాడు తిరిగి రాలేదు. దాంతో ఊరికి అసలు సంగతి అర్థమైంది. మిషను ఏ ఇంటికి పోతే ఆ ఇంటికి వెనకాలే 108 వస్తోంది. నంబరు తగ్గిన ఇంటికే నేను పిలుస్తున్నానని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

"గదే గదా మేం చెప్పేది" అన్నారు. "నంబరు తగ్గిస్తున్నదెవరు మరి?"

ఇక చెంచురామయ్య గారి సంగతి చెప్పాలి. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నాడు. ఈయన పామాయిలు తోటలు వేశాడు, రెండుసార్లు సర్పంచి అయ్యాడు. ఎర్రజెండా మనిషి. దేవుణ్ణి నమ్మడు, దయ్యాన్ని నమ్మడు, మెజారిటీని నమ్ముతాడు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా మైకు లేకుండా ఊరంతా వినపడేలా మాట్లాడతాడు. ఆయన భార్య పున్నమ్మ గారు.

వాళ్లింటి కిటికీ గట్టు మీద నాకొక స్టీలు గ్లాసు ఉంది. పద్నాలుగేళ్లుగా అక్కడే బోర్లించి ఉంటుంది. నేను వెళ్తే పున్నమ్మ గారు వంటింట్లోంచి గిన్నె తెచ్చి, పైనుంచి ఎత్తి కాఫీ పోస్తారు. నేను తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లిస్తాను. హోం ఐసొలేషన్ ట్రైనింగులో రోగి గ్లాసు విడిగా ఉంచాలని చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. నా గ్లాసు అప్పటికే అందరికన్నా సీనియరు. అయినా పున్నమ్మ గారంటే నాకు ఇష్టమే. కాఫీ చిక్కగా ఇస్తారు, అడక్కుండానే రెండు చెంచాల చక్కెర వేస్తారు, నా బిడ్డ ఆరాధన చదువు గురించి నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. మనిషి మంచిది. గ్లాసు దగ్గరే చెడింది.

ఆ పున్నమ్మ గారికి శనివారం జ్వరం తగిలింది. సోమవారం పొద్దున మిషను పెట్టి చూస్తే తొంభై ఐదు. అంచు మీద ఉంది. నాకేమో మూడు రోజులు ములకలపల్లిలో టీకాల డ్యూటీ వేశారు. మిషను చెంచురామయ్య గారి చేతిలో పెట్టి, పూటకోసారి చూసి రాసిపెట్టమని చెప్పి వెళ్లాను. రాయడం ఆయనకు అలవాటే. ఎవరు తుమ్మినా మినిట్స్ రాసే మనిషి.

గురువారం పొద్దున తిరిగొచ్చి నేరుగా వాళ్లింటికే వెళ్లాను. పున్నమ్మ గారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. పిలిస్తే పలికారు గానీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. రెండు రోజులుగా ఏమీ తినలేదట. ఆరో రోజు. ఈ రోగం ఆరో రోజు నుంచే తన పని చూపిస్తుంది.

"మిషనేదయ్యా?" అని అడిగాను.

చెంచురామయ్య గారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. మాస్కు గడ్డం కింద ఉంది.

"బండిలో ఉంది" అన్నారు.

"ఏ బండిల?"

"అమ్మవారి బండిలో."

నాకు అర్థమైంది. ఊరికి మాయరోగం వస్తే అమ్మవారిని సాగనంపడం మా వైపు పాత పద్ధతి. నడుమెత్తు కర్రబండి ఒకటి చేస్తారు. అందులో పిండిబొమ్మను కూర్చోబెట్టి, వేపమండలు కట్టి, ఇంటికొక పాత చీపురో చాటో వేసి, కోడిని కట్టి, పొలిమేర దాటించి వదిలేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. తెల్లారేసరికి పక్క ఊరివాళ్లు దాన్ని వాళ్ల పొలిమేర దాటిస్తారు. వాళ్ల పక్క ఊరివాళ్లు ఇంకా ముందుకు తోస్తారు. రోగం అలా ప్రయాణం చేస్తుంది. పోయిన వస్తువు ఏదీ మళ్లీ ఊళ్లోకి రాకూడదు.

"మీరు దేవుణ్ణి నమ్మరు గదయ్యా!"

"నేను నమ్మను. ప్రజలు నమ్ముతారు. ఆ మిషను పోతే గాని రోగం పోదని మంగళవారం సభలో తీర్మానం చేశారు. మెజారిటీ."

"ఎంతమంది చేతులెత్తిండ్రు?"

"మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం పాటించి, అందరూ."

ట్యాంకు ఎక్కి పద్నాలుగో మెట్టు మీద నిలబడి డాక్టర్ గారికి ఫోను చేశాను. మనిషి నీరసంగా ఉందంటే మొదటి మాటే "నంబరెంత?" అన్నారు. మిషను పక్క ఊర్లో ఉందన్నాను. అబద్ధం కాదు. ఎలా వెళ్లిందో చెప్పలేదంతే.

"బెడ్లు లేవు సవరమ్మా. నంబరు చెప్పకపోతే ఎవరూ ఫోను కూడా ఎత్తట్లేదు. మెడికల్ షాపుల్లోనూ మిషన్లు లేవు. మధ్యాహ్నంలోగా నంబరు చెప్పు, ఎలాగైనా ఒకటి చూస్తాను" అన్నారు.

కిందికి దిగి వచ్చి శారదను అరుగు మీద కాపలా కూర్చోబెట్టాను. నా స్కూటీ తీస్తుంటే చెంచురామయ్య గారు లేచి వచ్చారు.

"నువ్వు వెళ్లి తీసుకురా సవరమ్మా. మీవాళ్లకి ఈ పట్టింపులు ఉండవుగా."

నాకు ఒళ్లు మండింది. "పట్టింపులు లేనోళ్లు మేమా మీరా? దేవుడు లేడని మైకుల జెప్పింది మీరు. ఏసిన చెయ్యే తియ్యాలె. ఎక్కుండ్రి."

ఆయన ఒక్కమాట కూడా అనకుండా ఎక్కేశారు. మామూలుగా అయితే గంట ఉపన్యాసం. మా ఇద్దరి మధ్య తువ్వాలు మడతపెట్టి పెట్టుకున్నారు. ఆయన స్కూటీ మీద వెనక కూర్చోవడం, ముందు నేను తోలడం చూసి ఊరంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆయన ఎవర్నీ పలకరించలేదు. పరువు పోయి మూగబోయాడనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉంది.

సీతంపాడు దగ్గర ముళ్లకంప అడ్డం పెట్టి ఇద్దరు కర్రలతో నిలబడ్డారు. బండి సంగతి అడిగితే మొహాలు చిట్లించారు.

"మీరు పంపిన దరిద్రం మాకెందుకమ్మా? బుధారం పొద్దుగాల్నే సాగదోలినం. మా ఊరి చీపుర్లు గూడ ఏసినం. ఒక పాత గ్రైండరు గూడ."

"గ్రైండరెందుకు?"

"చెడిపోయింది గదా" అన్నాడు, అదీ రోగమే అన్నట్టు.

అక్కడి నుంచి తండాకు. తండా పెద్ద హాతీరాం చింతచెట్టు నీడలో నులక మంచం వేసుకుని కూర్చున్నాడు. మా స్కూటీ చూసి లేచాడు.

"బండి వచ్చింది, పోయింది" అన్నాడు. "మేం మంచి మర్యాదతోని పంపినం."

"కోడి?"

"కోడిని అమ్మ దిన్నది."

మంచం కింద కుక్క ఎముక కొరుకుతోంది. హాతీరాం భార్య కమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మిషను గురించి అడగనీకి వచ్చిన హాతీరాం అన్నా. వేలికి పెట్టేది."

"ఓ, గదా!" అతని మొహం వెలిగిపోయింది. "మస్తు మిషను. పంపేముందు తండాల అందరికి పెట్టి చూసినం. నాకు తొంభై ఏడు. మా తమ్మునికి తొంభై ఎనిమిది. కమ్లికి తొంభై తొమ్మిది వచ్చింది ఆశమ్మా! బడి మొహం చూడనిది. అప్పటిసంది ఇంట్ల నా మాట ఇంటలేదు."

"ఫస్ట్ క్లాసు గదా నాది" అంది కమ్లి.

మరి ఎందుకు ఉంచుకోలేదంటే, అమ్మవారికి ఇచ్చిన నగ ఉంచుకోకూడదట. బొమ్మ చేతికే మళ్లీ తగిలించి, నిన్న సాయంత్రం బార్డరు వైపు పంపారట. హాతీరాం మాట్లాడుతూ చెంచురామయ్య గారి వైపు చూశాడు. ఆయన స్కూటీ సీటు పట్టుకుని నిలబడి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నారు.

"పటేలుకు నీళ్లియ్యమంటవా? మొహం నల్లగైంది."

"ఎండకు" అన్నాను నేను.

పద్నాలుగేళ్లు ఈ పని చేసినదాన్ని. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొస్తుంది.

ఆంధ్రా బార్డరు చెక్‌పోస్టుకు చేరేసరికి పదకొండున్నరయింది. రోడ్డు మీద డ్రమ్ములు, ఇనప గేటు, షామియానా. షామియానా పక్కన అమ్మవారి బండి. మా ఊరి నుంచి బయల్దేరినప్పుడు చీపుర్లు, చాటలతో ఉండాల్సింది, ఇప్పుడు గ్రైండరు, చిరిగిన పరుపు, విరిగిన కుర్చీలతో ఇల్లు మారుతున్నవాళ్ల సామానులా ఉంది. అవతలి రాష్ట్రం ఊరివాళ్లు కర్రలు తీసుకుని వచ్చి లోపలికి రానివ్వలేదట. ఇవతలికి తోసే దిక్కు లేదు. ఈ-పాసు లేక అమ్మవారు రెండు రాష్ట్రాల మధ్య ఆగిపోయింది.

పిండిబొమ్మ చేతికి మిషను లేదు.

అది కానిస్టేబుల్ అనిల్‌కుమార్ చేతిలో ఉంది. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, కొత్త ఉద్యోగం. వచ్చిన ప్రతి లారీ డ్రైవరు వేలికీ తగిలించి, నంబరు చూసి, గేటెత్తుతున్నాడు. వెనక పెద్ద క్యూ ఉంది. డ్రైవర్లు పరీక్ష ఫలితాలకు నిలబడ్డట్టు బుద్ధిగా నిలబడ్డారు.

నేను నా కార్డు చూపించాను, మిషను వీపు మీది ఎర్రచుక్క చూపించాను. అనిల్‌కుమార్ పేచీ పెట్టలేదు, కాస్త దిగాలు పడ్డాడంతే.

"తీస్కపోమ్మా, నీదేనాయె. గని మా రూల్ రూలే. ఈడికొచ్చినోళ్లెవరైనా వేలు పెట్టినంకనే కదలాలె. మీరిద్దరూ పెట్టుండ్రి."

ముందు నేను పెట్టాను. తొంభై ఎనిమిది. చెంచురామయ్య గారు చెయ్యి తువ్వాలులో దాచుకున్నారు.

"నాకెందుకు? జ్వరం మా ఆవిడకి" అన్నారు. మధ్యలో రెండుసార్లు ఆగారు.

"పెట్టుండ్రయ్యా, జల్దీ. అక్కడ ఆమె ఎట్లున్నదో ఏమో."

"ఆ మిషను చెడింది. పిండిబొమ్మకి పెట్టినది, అదేం చెప్తుంది?"

నాకు ఓపిక చచ్చిపోయింది. తువ్వాలు లాగి ఆయన చెయ్యి పట్టుకున్నాను. పద్నాలుగేళ్లలో ఆ చెయ్యి ముట్టుకోవడం అదే మొదటిసారి. చల్లగా ఉంది. గోళ్లు నేరేడుపండు తిన్న నాలుకలా ఉన్నాయి. మిషను తగిలించాను. అది కాసేపు ఆలోచించి ఎనభై మూడు చూపించింది. వేలు మార్చాను. ఎనభై రెండు. అనిల్‌కుమార్ తన వేలు పెట్టి చూసుకున్నాడు, తొంభై తొమ్మిది. మళ్లీ ఆయనకు పెట్టాను. ఎనభై రెండు.

దారిపొడవునా ఆయన మాట్లాడకపోతే పొగరనుకున్నాను. మాట్లాడటానికి ఊపిరి లేదు.

చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ నిండుగా ఉంది. 108కి చేశాను. అవతలి పిల్ల సాచురేషన్ ఎంతని అడిగింది. నా దగ్గర ఇప్పుడు నంబరుంది. "ఎనభై రెండు" అని అరిచాను. డాక్టర్ సాహిత్య గారికీ చెప్పాను. నలభై నిమిషాలు పడుతుందన్నారు. అంతవరకు బోర్లా పడుకోబెట్టమన్నారు, ఊపిరితిత్తులకు కాస్త గాలి ఆడుతుందని.

నీడ ఉన్నది షామియానా అంచున, అమ్మవారి బండి పక్కనే. అనిల్‌కుమార్ బండి మీది చిరుగుల పరుపు లాగి అమ్మవారి ముందు పరిచాడు. దాని మీద చెంచురామయ్య గారిని బోర్లా పడుకోబెట్టాం. జీవితంలో ఏ గుడి మెట్టూ ఎక్కని మనిషి, అమ్మవారి ఎదుట చేతులు ముందుకు చాపి సాష్టాంగపడ్డట్టు పడుకున్నారు. క్యూలో డ్రైవర్లు చూశారు. ఒకతను చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. ఇంకొకతను రూపాయి బిళ్ల వేశాడు.

"చూస్తున్నారా?" అన్నారు ఆయన మొహం పక్కకు తిప్పి.

"చూస్తుండ్రు."

"ఎంతమంది?"

"మెజారిటీ" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. నా సీసాలో నీళ్లు ఇచ్చాను. ఎత్తి పోసుకునే ఓపిక లేక నోటికి ఆనించుకునే తాగారు. అప్పుడు, ముక్కలు ముక్కలుగా చెప్పారు.

"సోమవారం నువ్వెళ్లాక పున్నమ్మకి పెట్టా. తొంభై ఐదు. రాశా. తర్వాత ఊరికే నాకు పెట్టుకున్నా. తొంభై ఒకటి. ఇంకో వేలికి పెట్టా. తొంభై. పది వేళ్లకీ పెట్టా సవరమ్మా. ఒక్కటీ పైకి పోలా."

"జ్వరం గిట్ల లేదా?"

"లేదు. ఆయాసం కూడా లేదప్పుడు. నంబరొక్కటే. మర్నాడు సభలో ఎవరో మిషను పంపేద్దామన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే."

"మిషను పోతే రోగం పోతదనుకున్నరా? మీరు?"

"రోగం సంగతి కాదు. ఆ నంబరు మళ్లీ నా కళ్లబడకుండా పోతే చాలనుకున్నా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "మూడో ఇంటి ముసలాడు నాకంటే రెండేళ్లు చిన్న."

ఆయన్ని తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. మొగుడు భయపడి దాచిన మిషను కోసం పెళ్లాం మంచం మీద పడుందని అనొచ్చు. అనలేదు. నాకూ భయమేసింది. వీపు మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. నంబరు ఎనభై ఏడుకు ఎక్కింది.

108 వచ్చింది. ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పున్నమ్మకి చెప్పమాక. నాకు తొంభై ఆరని చెప్పు" అన్నారు.

మా ఊరి పొలిమేర దగ్గర కంప అడ్డం పెట్టి నన్ను ఆపారు. మిషను తెచ్చావా అని అడిగారు. తేలేదన్నాను. అది నా జపమాల సంచిలో ఉంది. ఆ సంచి ఊరికి అంటరానిదే, కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

పున్నమ్మ గారి వేలికి పెట్టాను. తొంభై ఐదు. సోమవారం ఎంతో ఇప్పుడూ అంతే. తిండి లేక నీరసం, అంతకుమించి లేదు. ట్యాంకు ఎక్కి చెప్తే డాక్టర్ గారు ఇంట్లోనే ఉంచి గంజి తాగించమన్నారు. గంజి తాగాక ఆమె లేచి కూర్చున్నారు.

"ఆయనేరి?"

తొంభై ఆరని చెప్పాలని నోరు తెరిచాను. "ఎనభై రెండమ్మా. పెద్ద దవాఖానాకు పోయిండు" అన్నాను.

ఆమె ఏడవలేదు. "సోమవారం చూశాను సవరమ్మా, పది వేళ్లకీ పెట్టుకోవడం" అన్నారు. "నేను నిద్రపోతున్నాననుకున్నారు. అడిగితే భయపడతారని అడగలేదు."

ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉన్నారు. నలభై ఐదేళ్ల కాపురం.

ఆయన పందొమ్మిది రోజులు దవాఖానాలో ఉన్నారు. రోజూ సాయంత్రం నేను పద్నాలుగో మెట్టెక్కి డాక్టర్ గారికి ఫోను చేసేదాన్ని. మొదట పున్నమ్మ గారొక్కరే కింద నిలబడేవారు, మాస్కు మీద కొంగు కప్పుకుని. తర్వాత శారద వచ్చింది. వారం తిరిగేసరికి ఊరు మొత్తం ట్యాంకు కింద చేరింది. "ఇయ్యాలెంత?" అని కిందినుంచి అరిచేవాళ్లు. "ఎనభై తొమ్మిది" అని పైనుంచి అరిచేదాన్ని. నంబరు తగ్గించేది మిషనేనని సాగనంపినవాళ్లే, నంబరు వినకపోతే అన్నం ముట్టేది లేదన్నారు. ఆక్సిజన్ తీసేసినా తొంభై మూడు నిలబడిన రోజు చప్పట్లు కొట్టారు. కొందరు పెరటి దారిన మా ఇంటికొచ్చి, "నువ్వు తేలేదన్న మిషను ఒకపారి నాకు పెట్టు" అని వేళ్లు చాపారు.

దవాఖానా నుంచి ఆయన్ని దింపిన రోజు పొలిమేర దగ్గర మళ్లీ పేచీ. బండి కోసం పొలిమేర దాటిన మనిషి, లోపలికి రావచ్చా? నగకైతే రూలుంది, మాజీ సర్పంచికి లేదు. చెంచురామయ్య గారు సగం మనిషి అయ్యారు, చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. నా వైపు వేలు చాపారు. తగిలించాను. తొంభై ఆరు. ఆ నంబరు అందరికీ చూపించాను.

"రానిద్దామనేవాళ్లు చేతులెత్తండి" అన్నారాయన. గొంతు చిన్నదైపోయింది, ముందువరసకే వినపడింది. ముందువరస ఎత్తింది చూసి వెనకవరస ఎత్తింది.

ఇంటికి వచ్చినా పద్నాలుగు రోజులు విడిగా ఉండాలని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. మర్నాడు చూడటానికి వెళ్తే కిటికీ గట్టు మీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి ఆయనది. రెండూ ఒకే రకం స్టీలు. పున్నమ్మ గారు గిన్నె తెచ్చి ఆయనకూ ఎత్తే పోశారు, నాకూ ఎత్తే పోశారు. ఆయన తాగారు, అరుగు చివర కొళాయి దగ్గర తన గ్లాసు తనే కడిగారు, గట్టు మీద బోర్లించారు. రెండో రోజు కడిగిన గ్లాసు చేతిలో పట్టుకుని దాని వైపు చూశారు, నా వైపు చూశారు. పద్నాలుగు రోజులూ అలాగే తాగాం.

పదిహేనో రోజు వెళ్లేసరికి గట్టు మీద ఒక్క గ్లాసే ఉంది. నాకు తెలిసిందే కదా అనుకున్నాను. ఆయన గడువు అయిపోయింది, ఆయన గ్లాసు లోపలికి వెళ్లిపోయింది. చెయ్యి చాపి గ్లాసు తీసుకోబోయాను.

"అది నాది" అన్నారు చెంచురామయ్య గారు పడక్కుర్చీలోంచి. "నాకు ఇక్కడే బాగుంది. నీది లోపల ఉంది, వంటింట్లో. వెళ్లి తెచ్చుకో."

వంటింటి గుమ్మంలో పున్నమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆమె వెనక అలమరలో, వాళ్ల గ్లాసుల పక్కన నా గ్లాసు కనపడుతోంది. ఆ గుమ్మం నేనెప్పుడూ దాటలేదు. నేను అడుగు వెయ్యలేదు, ఆమె పక్కకు జరగలేదు. ఆమె కళ్లలో కోపం లేదు, భయం ఉంది. పది వేళ్లకీ మిషను పెట్టుకున్న మనిషి కళ్లు అలాగే ఉండి ఉంటాయి.

"పాలు పొంగుతున్నయమ్మా" అన్నాను.

"చూస్తున్నాను" అన్నారు గానీ అటు తిరగలేదు.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆమె పరుగెత్తుకెళ్లి గిన్నె దించి, అందులోనే కాఫీ కలిపారు. నేను లోపలికి వెళ్లి నా గ్లాసు తీసుకుని, ఆమె పక్కన నిలబడి చాపాను. ఆమె గిన్నె ఎత్తబోయి, ఆగి, గ్లాసు అంచుకు ఆనించి పోశారు.